వదినగారి బదిలీ

ప్రభుత్వం వారి దృష్టిలో పడేంతవరకూ రాయప్పపాడు ఆఫ్రికా మ్యూజియంలోని వస్తువులన్నీ సుఖంగానే ఉన్నాయి.

పల్నాడు మిరప చేల మధ్య ఆఫ్రికా ఏమిటని కొత్తవాళ్లు ఆశ్చర్యపోతారు గాని, ఊరివాళ్లకు అందులో వింతేమీ లేదు. వాళ్ల తాతల కాలంలో ఫాదర్ అల్బెరిక్ అనే ఇటలీ స్వామి ఉండేవాడు. సగం జీవితం ఆఫ్రికాలో సువార్త చెప్పి, చివరికి ఒంట్లో బాగుండక, పెద్దల ఆజ్ఞ మీద రాయప్పపాడు విచారణకు, అంటే ఇక్కడి చర్చి బాధ్యతకు, వచ్చాడు. వచ్చేటప్పుడు తన బట్టలు ఒక చేతిసంచిలోనూ, ఆఫ్రికాను వరసపెట్టి ట్రంకు పెట్టెల్లోనూ తెచ్చాడు. కొయ్య ముఖాలు, ఒక పెద్ద డోలు, ధాన్యం దంచే నిలువెత్తు రోలు, చేపలు పట్టే బుట్టలు, ఒక రాజుగారి పీట, బిడ్డను వీపున కట్టుకుని చేతులు వెనక్కి పెట్టి వాడిని పట్టుకున్న ఒక తల్లి బొమ్మ. "నేను వాళ్లకు ప్రార్థన నేర్పడానికి పోయాను. వాళ్లు నాకు మర్యాద నేర్పి పంపారు" అనేవాడట ఆయన. నేర్చుకున్న మర్యాద మర్చిపోకుండా ఉండడానికి గుడి పక్కనే, సర్కారు లీజుకిచ్చిన పెంకుటింట్లో, ఈ మ్యూజియం పెట్టాడు.

ఇప్పుడు దాన్ని చూసుకునేది బాలశౌరి మాస్టారు. కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన మనిషి. భార్య లూర్దమ్మ ఉన్నప్పుడు పొద్దున్నే ఇద్దరూ కలిసి వచ్చేవాళ్లు. ఆయన కిటికీలు తెరిచేవాడు. ఆమె కొబ్బరినూనె గిన్నె, మెత్తటి గుడ్డ పట్టుకుని బొమ్మలన్నీ తుడిచేది. తల్లి బొమ్మ దగ్గరికొచ్చేసరికి ఆమె చెయ్యి నెమ్మదించేది. "ఏం వదినా, రాత్రి పిల్లాడు పడుకోనిచ్చాడా?" అని మొదలుపెట్టి, బియ్యంలో రాళ్ల దగ్గర్నుంచి మాస్టారి గురక దాకా అన్నీ చెప్పుకునేది. లూర్దమ్మకు వదిన కాబట్టి ఆ వరసన మాస్టారికి అక్కయ్య. ఊరు మొత్తానికి మాత్రం వదినగారే.

లూర్దమ్మ పోయి మూడేళ్లయింది. నూనెగిన్నె, గుడ్డ మాస్టారి చేతికి వచ్చాయి. కొన్నాళ్లు మాట లేకుండానే తుడిచాడు. ఒకరోజు ఉండబట్టలేక, "అక్కయ్యా, ఇవాళ చారులో ఉప్పు మర్చిపోయాను" అన్నాడు. బొమ్మ ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడం ఎంత మేలో ఆయనకు అప్పుడు తెలిసింది. పలకరింపుకొచ్చిన చుట్టాలందరూ అప్పటికే ఏదో ఒకటి అని ఉన్నారు మరి. ఆ రోజు నుంచి పొద్దున్నే అక్కయ్యతో ఆ నాలుగు మాటలూ చెప్పుకుంటే గాని ఆయనకు రోజు మొదలయ్యేది కాదు.

అలాంటి సమయంలో వస్తు వినియోగ శాఖ పుట్టింది.

రాజధానిలో ఒక పెద్దాయన ఏదో వెతుక్కోవడానికి అటకెక్కి, అక్కడ పాత ఇస్త్రీపెట్టెను చూసి కలత చెందాడనీ, ఆ కలతే ముదిరి శాఖ అయిందనీ చెప్పుకుంటారు. రాష్ట్రంలో ఏ సంస్థలోనైనా, ఏ వస్తువైనా వాడకంలో లేకుండా కనిపిస్తే దాన్ని వేలం వేయాలన్నది నియమం. మొదట పాత జీపులు పోయాయి. తర్వాత బడుల్లో ఎండాకాలం సెలవులకు ఖాళీగా ఉన్న బల్లలు పోయాయి. ఒక ఊళ్లో వానలు లేని నెలలో తనిఖీ జరిగి, గొడుగులన్నీ పోయాయి. ఆ వరసలో ప్రాంతీయ వినియోగ సంచాలకులు శ్రీ మార్తాండరావుగారు ఒక ఉదయం రాయప్పపాడు మ్యూజియం మెట్లెక్కారు. ఆయన చేతిలో ఎర్ర సుద్దముక్క ఉంది. పనికిరాని వస్తువు మీద ఇంటూ గుర్తు పెట్టడం ఆయన పద్ధతి.

"ఇది ఏమిటి?" అన్నారు డోలు ముందు నిలబడి.

"మాట్లాడే డోలండి. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి దీంతో కబురు చెప్పేవాళ్లు" అన్నాడు మాస్టారు.

"కడపటిసారి ఎప్పుడు మాట్లాడినది?"

"ఇక్కడికొచ్చాక మాట్లాడలేదండి."

"దీర్ఘకాలిక మౌనము" అని ఇంటూ కొట్టారు. "ఈ ముఖములను ఎవరు ధరించుచున్నారు?"

"ఎవరూ ధరించరండి. ఇది మ్యూజియం కదా. జనం వచ్చి చూస్తారు."

"చూచుట అనునది చూచువాని పని. ఇందులో వస్తువు చేయుచున్న పని ఏమిటి?"

ఇన్నేళ్లు చరిత్ర చెప్పినా మాస్టారికి ఈ ప్రశ్న ఎదురుకాలేదు. ఆయన ఆలోచిస్తుండగానే ముఖాలన్నిటి నుదుటా ఎర్ర ఇంటూలు పడ్డాయి. రోలుకు పడింది. బుట్టలకు పడింది. రాజుగారి పీట పక్కకు వాలి ఉండడం చూసి సంచాలకులవారు నొచ్చుకున్నారు. "పడిపోయిన దానిని లేవనెత్తు నాథుడైనను లేడు."

"పడిపోలేదండి, వాల్చిపెట్టాం. దానికో కారణం..."

ఆయన అప్పటికే వదినగారి దగ్గరికి వెళ్లిపోయారు. సుద్దముక్క నుదుటి దాకా వెళ్లింది. మాస్టారు ఏం చేస్తున్నాడో తనకే తెలియకుండా మధ్యలో చెయ్యి అడ్డం పెట్టాడు. ఇంటూ ఆయన అరచేతిలో పడింది.

"సార్, ఆమెకు వద్దండి."

మార్తాండరావుగారు ఆ అరచేతి వంక, దాని యజమాని వంక చూశారు. రిటైరైన మనిషి. మనుషులను వేలం వేసే అధికారం శాఖకు ఇంకా రాలేదు. "వచ్చే తనిఖీ నాటికి సదరు వస్తువులు వినియోగములో ఉన్నట్లు ఋజువు కానిచో, స్త్రీమూర్తితో సహా సమస్తమును వేలమునకు పెట్టబడును" అని చెప్పి జీపెక్కారు.

ఆ సాయంత్రం తెరేజమ్మ టిఫిన్ కొట్టు దగ్గర సమావేశం జరిగింది. తెరేజమ్మ మాటకు ఊళ్లో ఎదురు లేదు. ఆమె ఇడ్లీకీ లేదు. విచారణ గురువు ఫాదర్ చిన్నప్ప కూడా వచ్చి బల్ల మీద కూర్చున్నాడు.

"స్తోత్రం స్వామీ, ముందు ఈ బోండా తినండి. ఏంది మాస్టారూ, వదినగార్ని అమ్ముతారా? ఎవురికంట?" అంది తెరేజమ్మ.

"ఎవరు ఎక్కువకు పాడితే వాళ్లకు."

"ఆయన ఇంట్లో ఆడోళ్లు ఖాళీగా కూకుంటే వేలం ఏస్తాడా ఏంది?"

ఫాదర్ చిన్నప్ప నవ్వాపుకున్నాడు. "మాస్టారూ, వాళ్లు అడిగేదేంది? వాడమనే గదా. వాడదాం. వస్తువులు విరగ్గొట్టకుండా వాడితే అల్బెరిక్ స్వామి మాత్రం ఏమంటారు?"

మాస్టారికి మనసొప్పలేదు. కానీ చేతిలో ఎర్ర ఇంటూ కడిగినా ఇంకా పూర్తిగా పోలేదు.

మర్నాటి నుంచి ఆఫ్రికా ఒక్కొక్కటిగా ఊళ్లోకి నడిచింది. డోలు వాటర్ ట్యాంకు కిందికి చేరింది. కుళాయి నీళ్లు ఎప్పుడొస్తాయో తెలియక ఆడవాళ్లు కోడికూతకే బిందెలు పట్టుకుని కాపలా కాసే ఊరది. ఇప్పుడు వాల్వు తిప్పగానే వాటర్‌మన్ చౌరప్ప డోలు కొడుతున్నాడు. ఆ దెబ్బ పొలిమేర దాకా వినిపిస్తోంది. రోలు తెరేజమ్మ కొట్టుకు వెళ్లింది. అందులో దంచిన కారప్పొడి తిని జనం, "ఇదేం కారం తెరేజమ్మా?" అంటే, "కాంగో కారం. తిని మాట్లాడు" అంటోంది. చేపల బుట్టల కింద కోడిపిల్లలు భద్రంగా నిద్రపోతున్నాయి.

అన్నిటికన్నా గొప్ప పని కొయ్య ముఖాలు చేశాయి. మిరపకాయలు ఆరబోసిన కల్లాల్లో కోతుల బాధ చెప్పనలవి కాదు. దిష్టిబొమ్మలు పెడితే వాటి చొక్కాలు విప్పుకుని పోయాయి. ఇప్పుడు కర్రలకు కట్టిన ఆ ముఖాలను ఒక్కసారి చూసి, ఏదో పాత బాకీదారు కనిపించినట్టు మొహం తిప్పుకుని పక్క ఊరికి వెళ్లిపోయాయి. పక్క ఊరి సర్పంచి వచ్చి, "ఒక్క మొహం అప్పివ్వండి మాస్టారూ, మా మొహాలకు అయ్యి బెదరటంలా" అని బతిమాలాడు.

ఖాళీ అరలు చూస్తే మాస్టారికి గుండె చివుక్కుమనేది. కానీ ఒకనాటి తెల్లవారుజామున ఆయన కుళాయి పక్కగా వస్తుంటే అక్కడ ఎవరూ లేరు. బిందెలు మాత్రం వరసలో ఉన్నాయి. ఆడవాళ్లందరూ ఇళ్లల్లో ఇంకా పడుకునే ఉన్నారు. లూర్దమ్మ ఎన్నేళ్లు ఆ వరసలో చలికి నిలబడిందో గుర్తొచ్చి, ఆయన చెప్పుల చప్పుడు కూడా కాకుండా నడిచాడు.

చివరికి మ్యూజియంలో మిగిలింది ఇద్దరు. వాలి ఉన్న పీట, నిలబడి ఉన్న వదినగారు.

మార్తాండరావుగారు రెండోసారి వచ్చి, ఊరంతా తిరిగి, కాంగో కారంతో ఇడ్లీ తిని, కళ్లనీళ్లు తుడుచుకుని, సంతృప్తి వెలిబుచ్చారు. అప్పుడు పీట దగ్గర ఆగారు.

"ఇది ఇంకను పడియే ఉన్నది."

ఈసారి మాస్టారు త్వరగా చెప్పేశాడు. "ఘనా దేశంలో ఆకాన్ ప్రజలున్నారండి. వాళ్లకు మనిషి పీట అంటే మనిషి కింద లెక్క. కూర్చునే మనిషి ప్రాణం అందులోనే ఉంటుందని నమ్మకం. అందుకే ఆయన లేచి వెళ్లినప్పుడు పీటను పక్కకు వాలుస్తారు, ఇంకే శక్తీ వచ్చి అందులో కూర్చోకుండా. ఈ పీట ఖాళీ కాదండి. రాజుగారి చోటు రాజుగారికే ఉంది. అదే దీని పని."

సంచాలకులవారి కళ్లలో ఏదో వెలిగింది.

ఆ వెలుగు అర్థం కావాలంటే ఆయన కార్యాలయపు కోట్ల సంగతి తెలియాలి. కుర్చీకి కోటు తగిలించి ఉంటే మనిషి ఆఫీసులో ఉన్నట్టే, పక్కకు వెళ్లాడంతే అన్నది అక్కడ పూర్వాచారం. పల్నాడు ఎండలో కోటు తొడిగే మొనగాడు లేడు. అయినా ఉద్యోగంలో చేరినవాడు ముందు కుర్చీకి కొలతలు తీసి కోటు కుట్టించేవాడు. ఈ మధ్య ఎలుకలు ఆ కోట్లు కొరికేసి, ఎవరు హాజరో ఎవరు కాదో తెలియకుండా పోయింది.

"అనగా, మనిషి ఎచ్చటికేగినను, ఆసనము వాలియున్నచో, హాజరైనట్లే కదా?" అన్నారు మార్తాండరావుగారు గొంతు తగ్గించి.

"వాళ్ల లెక్కలో..." మాస్టారు తడబడ్డాడు. "చోటు ఆయనదేననండి."

"ప్రాచీనము. సశాస్త్రీయము. ఎలుకల బెడద లేనిది." ఆయన పీటకు నమస్కారం చేసి, వదినగారి వైపు తిరిగారు. "ఈమె వినియోగము?"

మాస్టారికి అబద్ధం రాదు. రాత్రంతా వెతికినా దొరకలేదు. "నేను రోజూ పొద్దున్నే ఆమెతో మాట్లాడతానండి."

"ఆమె?"

"వింటుంది."

"నేనూ చెప్పుకుంటా సారూ" అంది గుమ్మంలోంచి తెరేజమ్మ. "మా ఆయనకి చెబితే నిద్రపోతాడు. వదినగారు ఒక్కసారన్నా కళ్లు మూసిందా, చూడండి."

"వినుట" అన్నారు మార్తాండరావుగారు, ఆ మాట కొత్తగా విన్నట్టు. "అంతరాయము కలిగించక, విసుగు చెందక, రేపు రమ్మనక, వినుట. మా శాఖలో ఫిర్యాదుల స్వీకరణ అధికారి పోస్టు చిరకాలముగా ఖాళీ. ఎవరిని వేసినను మాట్లాడుచున్నారు. ఈమె నడవడి ఎట్టిది? ముడుపులు వగైరా?"

"రెండు చేతులా పిల్లోడ్ని పట్టుకుని ఉందిగా" అంది తెరేజమ్మ. "ఏ చేత్తో తీసుకుంటది?"

ఆ వారంలోనే ఉత్తర్వు వచ్చింది. శ్రీమతి వదినగారు, ఫిర్యాదుల స్వీకరణ అధికారి, రాయప్పపాడు. ఆరోగ్య పరీక్షకు వచ్చిన డాక్టరు నాడి దొరకలేదని రాయబోయి, రక్తపోటు లేదని రాసి వెళ్లాడు. వీపున బిడ్డ ఉన్నందున ప్రసూతి సెలవు ఇవ్వాలా అని శాఖలో పెద్ద చర్చ జరిగింది. "ఆ పిల్లాడికి తొంభై ఏళ్లు దాటాయి సార్" అని ఫాదర్ చిన్నప్ప ధ్రువపత్రం ఇచ్చాక చర్చ సద్దుమణిగింది.

వింత ఏమిటంటే, జనం నిజంగానే వచ్చారు.

తెరేజమ్మ తన కొట్టు ముందు మురుగు నిలుస్తోందని ఫిర్యాదు చేసింది. ఒక అధికారి ముందు మొదటినుంచీ చివరిదాకా ఎవరూ అడ్డుపడకుండా చెప్పడం ఆమెకు జీవితంలో అదే మొదలు. చెబుతూ చెబుతూ, "పొయ్యిలో బూడిదంతా పొద్దున్నే కాలవలో పోస్తన్నా గూడా..." అని ఆగిపోయింది. కాసేపు వదినగారి మొహం చూసి, "ఆఁ, సర్లే. చెప్పకు ఎవురికీ" అని లేచిపోయి పార తీసుకుంది.

గట్టు తగాదాలో ఏళ్లుగా మాటల్లేని ఇన్నారెడ్డీ మర్రెడ్డీ అన్నదమ్ములు ఒకే రోజు వచ్చారు. అధికారి ముందు మధ్యలో మాట్లాడకూడదని మాస్టారు చెప్పాడు. ఇన్నారెడ్డి చెప్పేదంతా మర్రెడ్డి పళ్లు బిగబట్టుకుని విన్నాడు. తర్వాత ఇన్నారెడ్డి విన్నాడు. ఇద్దరూ బయటికొచ్చి మెట్ల మీద బీడీ వెలిగించుకున్నారు. "నువ్వు ఆ యేడు పురుగుమందుకి ఇబ్బందిపడ్డావని నాకు తెలవదురా" అన్నాడు అన్న. "నువ్వు చెప్పనిచ్చావా ఎప్పుడన్నా?" అన్నాడు తమ్ముడు.

ఇటు ఇలా జరుగుతుంటే, అటు శాఖలో వాల్చిన ఆసనముల ఉత్తర్వు వెలువడింది. కుర్చీ పక్కకు వాలి ఉంటే సదరు అధికారి విధుల్లో ఉన్నట్టే భావించాలి. దాన్ని ప్రశ్నించరాదు, లేవనెత్తరాదు, ఊడ్చేటప్పుడు కూడా చుట్టూ ఊడవాలి. ఆ ఉత్తర్వును అంత శ్రద్ధగా అమలు చేసిన శాఖ మరొకటి లేదు. మొదటి రోజు కొన్ని కుర్చీలు వాలాయి. వారం తిరిగేసరికి కార్యాలయం మొత్తం పడుకుంది. అర్జీ పట్టుకుని వచ్చినవాళ్లు గుమ్మంలో నిలబడి, యుద్ధం అయిపోయిన మైదానం చూసినట్టు చూసి, బస్సెక్కి రాయప్పపాడు వచ్చి వదినగారికి చెప్పుకుని వెళ్లేవాళ్లు. జిల్లాలో పనిచేస్తున్న అధికారి ఆమె ఒక్కతే అయింది.

ఆ ఏడు ఉత్తమ అధికారిగా ఆమె మెడలో దండ వేశారు. శాలువా కప్పితే వీపున పిల్లాడికి ఊపిరాడదని తెరేజమ్మ తీసి పక్కన పెట్టింది. ఫాదర్ చిన్నప్ప లడ్డూలు పంచాడు. మాస్టారు కూడా ఒక లడ్డూ తిన్నాడు గాని, ఆయనకు లోపల దిగులుగానే ఉంది. ఉద్యోగంలో బాగా పనిచేసినవాళ్లకు ఏమవుతుందో ఆయన కాలేజీలో చూశాడు.

అనుకున్నట్టే అయింది. దండ వాడిపోకముందే మార్తాండరావుగారు జీపులో వచ్చారు. వెనక గోనెపట్టాలు, మోకులు, నలుగురు మనుషులు.

"ప్రజా ప్రయోజనముల దృష్ట్యా శ్రీమతి వదినగారిని జిల్లా ప్రధాన కార్యాలయమునకు బదిలీ చేయడమైనది. తక్షణమే విధులలో చేరవలెను."

మాస్టారి చేతిలో నూనెగిన్నె అలాగే ఉండిపోయింది. "సార్, ఆమె ఇక్కడి మనిషండి. మా ఇంటి మనిషి."

"సర్వీసులో చేరిన వారెవ్వరును బదిలీకి అతీతులు కారు."

"నేను చేర్చలేదండి. మీరే..."

"మాస్టారు గారూ." మార్తాండరావుగారి గొంతు కొంచెం మెత్తబడింది. "నేనైనను ఏడు జిల్లాలు తిరిగితిని. ఒక్కచోటనైనను మామిడి చెట్టు నాటి కాయ తినలేదు. ఇది ఇంతే."

మనుషులు గోనెపట్టా పరిచారు. ఒకడు మోకు విప్పాడు. తెరేజమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడి, "చెయ్యెయ్యండి చూస్తా! కళ్లల్లో కాంగో కారం కొడతా!" అని అరిచింది. ఫాదర్ చిన్నప్ప అటు ఆమెను ఆపాలో ఇటు వాళ్లను ఆపాలో తెలియక జపమాల తీసి పట్టుకున్నాడు.

మాస్టారికి కేకలు రావు. రేపు పొద్దున్నే కిటికీలు తెరిచాక, గుడ్డా గిన్నే పట్టుకుని ఎవరి దగ్గరికి వెళ్లాలా అని ఆలోచిస్తున్నాడు. తల వంచుకుంటే చూపు రాజుగారి పీట మీద పడింది. ఎప్పటిలాగే హాయిగా పక్కకు వాలి ఉంది.

"సార్" అన్నాడు నెమ్మదిగా. "మీరు ఇక్కడున్నారు కదా. ఇప్పుడు మీ ఆఫీసులో ఎవరున్నారండి?"

"నేనే ఉన్నాను" అన్నారు మార్తాండరావుగారు తడుముకోకుండా. "నా కుర్చీ వాల్చియే వచ్చితిని."

"అంటే తమరు ఇప్పుడు అక్కడ విధుల్లో ఉన్నారు."

"నిస్సందేహముగా."

"ఇక్కడా ఉన్నారు."

"ఉన్నాను."

"అయితే సార్, వదినగారి పీట తీసుకెళ్లి మీ ప్రధాన కార్యాలయంలో పక్కకు వాల్చిపెడితే, ఆమె అక్కడ విధుల్లో చేరినట్టే కదండి?"

మోకు పట్టుకున్నవాడు మోకు కింద పెట్టాడు. మార్తాండరావుగారు కిటికీలోంచి ఆకాశం వైపు చూశారు. కాదంటే ఏమవుతుందో ఆయన మొహంలో ఒక్కొక్క మెట్టూ దిగుతూ కనిపించింది. కాదంటే ఆమె పీట ఆమె కాదు. ఆమె పీట ఆమె కాకపోతే ఆయన కుర్చీ ఆయన కాదు. ఆయన కాకపోతే ఆయన కింది వాళ్లెవరూ ఎవరూ కారు. ఉత్తర్వు వచ్చిన నాటి నుంచీ శాఖలో మనిషన్నవాడు లేనట్టే.

"పీట ఈమెదేనా?" అన్నారు చివరికి, ఎక్కడైనా సందు దొరుకుతుందేమోనని.

"ఇద్దరూ ఒకే పెట్టెలో వచ్చారండి" అన్నాడు మాస్టారు. అందులో అబద్ధం లేదు.

"శాఖాపరముగా... నిర్దోషము" అని మార్తాండరావుగారు నుదురు తుడుచుకున్నారు. మనుషులు పీటను గోనెపట్టాలో చుట్టారు. "వాల్చే పట్టుకోండి, వాల్చే!" అని ఆయనే కేకలు వేశారు.

అంతా జీపు దగ్గరికి వెళ్లాక ఆయన వెనక్కి వచ్చారు. "ఒక్క నిమిషము మీరందరు బయట ఉందురా?" అని అడిగారు. ఆ తర్వాత, మామూలు మాటలో, "నాకూ ఒకటి చెప్పుకునేది ఉంది" అన్నారు.

ఒక్క నిమిషం అన్నది చాలాసేపే అయింది. లోపల ఆయన గొంతు ఒక్కోసారి పైకి లేచి, మళ్లీ తగ్గుతోంది. తెరేజమ్మ తలుపు దగ్గరికి జరగబోతే మాస్టారు ఆమె కొంగు పట్టుకుని ఆపినంత పని చేశాడు. మార్తాండరావుగారు బయటికి వచ్చినప్పుడు మొహం కడుక్కున్నట్టు తేటగా ఉంది. ఎవరి వైపూ చూడకుండా జీపెక్కారు. ఎర్ర సుద్దముక్క కిటికీ గూట్లో మర్చిపోయారు.

"ఏం చెప్పుకున్నాడో మారాజు!" అంది తెరేజమ్మ.

"అది అధికారుల మధ్య సంగతి తెరేజమ్మా. మనకెందుకు?"

"అదిగాదు మాస్టారూ, పీటేమో రాజుగారిది. ఆయనొచ్చి నా పీటేదిరా అంటే?"

"ఇన్నేళ్లూ రాలేదు. వస్తే జిల్లా ఆఫీసుకు పంపిద్దాం. అక్కడైతే ఆయన హాజరులోనే ఉన్నాడు."

పీట ప్రధాన కార్యాలయంలో ఒక గదిలో వాలి, విధుల్లో చేరింది. అర్జీలు దాని పక్కన పేరుకుంటున్నాయని, తేడా ఎవరూ గమనించలేదని, వచ్చే ఏడు పదోన్నతి కూడా ఉండవచ్చని కబురు. తనిఖీలు మాత్రం ఆగిపోయాయి. తనిఖీకి లేచి రావలసిన కుర్చీలన్నీ పడుకుని ఉన్నాయి మరి. బుట్టలు, ముఖాలు ఒక్కొక్కటే మ్యూజియం అరల్లోకి తిరిగొచ్చాయి. ఒక ముఖం మాత్రం కల్లంలోనే ఉండిపోయింది. కోతులు దాని యోగక్షేమాలు కనుక్కోవడానికి అప్పుడప్పుడూ వస్తున్నాయట. రోలు సంగతి తెరేజమ్మను అడిగే ధైర్యం ఎవరికీ లేదు. డోలును మాస్టారే తీసుకురాలేదు.

జీపు వెళ్లిన మర్నాడు పొద్దున ఆయన ఎప్పటిలాగే వచ్చి కిటికీలు తెరిచాడు. ఎండ ఏటవాలుగా వచ్చి వదినగారి భుజం మీద పడింది. లూర్దమ్మ గుడ్డతో తుడిచీ తుడిచీ ఆ ఒక్కచోట కొయ్య అద్దంలా నునుపుదేలి ఉంది. మాస్టారు నూనె అద్ది, అక్కడే మొదలుపెట్టాడు.

"అక్కయ్యా, చారులో ఉప్పు ఇవాళ సరిపోయింది" అన్నాడు. "లూర్దు ఉంటే ఇంకో వంక పెట్టేదనుకో."

ట్యాంకు దగ్గర్నుంచి డోలు మోత వినిపించింది. బిందెల చప్పుడు మొదలైంది. ఆమె ఏమీ అనలేదు. సీట్లోనే ఉంది.